ఊరి ఇంటి నుంచి తెచ్చిన రెండు కర్ర సింహాలు – ఇవి యాళులేనా, ఫ్లాట్‌లో పెట్టుకోవచ్చా?

కొళత్తూర్_కుర్రోడు · ఆదివారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. పోస్ట్ కాస్త పెద్దది, ఓపిక పట్టండి. మేం ఉండేది చెన్నై కొళత్తూర్‌లో, సొంతూరు నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర ఒక పల్లె. అక్కడ మా తాతల నాటి మండువా ఇల్లు ఉండేది, పదేళ్ళుగా తాళం వేసి పెట్టి పెట్టి చివరికి పోయిన నెల పడగొట్టేశారు, వాటాల గొడవ తేలక తేలక తేలింది లెండి, ఆ కథ వేరే. దూలాలు, తలుపులు, ద్వారబంధాలు పెదనాన్నలూ మా నాన్నా తలా కాస్త పంచుకున్నారు. మా నాన్న వంతుకి వచ్చినవి రెండు చెక్కడపు కర్రలు. ముందు వసారాలో స్తంభానికీ దూలానికీ మధ్య ఏటవాలుగా ఆనించి ఉండేవి. చిన్నప్పుడు మేం "సింగాలు" అనేవాళ్ళం, వాటి తొండాలు పట్టుకుని ఊగబోతే మా నాయనమ్మ కర్ర తీసుకుని వెంటపడేది.

డిక్కీలో వేసుకుని తెచ్చా. లిఫ్ట్ దగ్గర దింపుతుంటే మా వాచ్‌మన్ చెప్పులు విప్పేసి దండం పెట్టాడు. ఎదురు ఫ్లాట్ ఆంటీ "ఏ గుడిలోంచి తెచ్చారు" అని అడిగింది, అదీ ఒక మాదిరిగా చూస్తూ. మా అత్తగారైతే "రాక్షసి మొహం, పసిబిడ్డ తిరిగే ఇంట్లో ఇదేంటయ్యా" అన్నారు, ఆ రోజు నుంచి హాల్లో కూర్చోవడమే మానేశారు. ఇప్పుడవి బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన పాత దుప్పటి కప్పుకుని ఉన్నాయి.

ఫోటోలు పెట్టాను, ఎలా ఉన్నాయో కూడా చెప్తా. ఎత్తు రెండడుగుల పైనే, ఒక్కోటి ఎత్తాలంటే నడుం పట్టుకోవాలి. మొహం సింహానిది, గుడ్లు బయటికి పొడుచుకొచ్చి, కోరలు, జూలు ఉంగరాలు ఉంగరాలుగా. కానీ నోటి పైనుంచి ఏనుగు తొండం కిందికి దిగి చుట్టుకుంటుంది. ముందు కాళ్ళు పైకెత్తి నిలబడి ఉంది. విచిత్రం ఏంటంటే ఒకదాని కాళ్ళ కింద చిన్న ఏనుగు ఉంటే ఇంకోదాని కింద మొసలి లాంటిది ఉంది, సైజులో కూడా అరంగుళం తేడా. ఆ మొసలి ఉన్నదాని తొండం సగానికి విరిగిపోయింది (మేం ఊగిన పాపమే అయ్యుంటుంది). పైన నూనె, పొగ పట్టి నల్లగా ఉంది, గీకితే లోపల ఆకుపచ్చ ఎనామిల్ పెయింట్.

ఇవి ఏంటి అసలు, యాళి అని తమిళ ఫ్రెండ్ అన్నాడు, నిజమేనా? ఇంట్లో పెట్టొచ్చా, పెడితే ఎటు చూడాలి, పెయింట్ తీయించాలంటే ఎలా, ఒక పాలిష్ అతను కాస్టిక్ సోడాలో ఒక పూట ముంచితే కొత్తవాటిలా వస్తాయి అంటున్నాడు. ఇంకొక పాత సామాన్ల షాప్ అతను ఫోటో చూసి రెండూ తీసుకుంటా అన్నాడు కానీ అమ్మే ఉద్దేశం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

డ్రాయింగ్_మాస్టారు_ఆవడి · ఆదివారం రాత్రి 11:30

బాబూ, ముందు ఆ కాస్టిక్ సోడా మాట మర్చిపో. మిగతాది నింపాదిగా చెప్తా.

నేను రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టర్ని, ముప్పై ఏళ్ళు పిల్లలచేత ఏనుగులు గీయించినవాణ్ణి, నీ ఫోటో చూడగానే తెలిసిపోయింది. యాళే. సంస్కృతంలో వ్యాళం, తమిళంలో యాళి, మనం రెండూ వాడతాం. ఒళ్ళు సింహానిదే, మొహాన్ని బట్టి పేరు మారుతుంది. ఉత్త సింహం మొహమైతే సింహయాళి, తొండం దంతాలు ఉంటే గజయాళి, గుర్రం మొహమైతే అశ్వయాళి. మొసలి ఒళ్ళు, తొండం లాంటి ముక్కు ఉన్నది మకరం, నీ రెండోదాని కాళ్ళ కింద ఉన్నది అదే. అపరాజితపృచ్ఛ అని ఒక శిల్పగ్రంథం ఉంది, అందులో తలని బట్టే వ్యాళాలు 16 రకాలు చెప్పారు. అంటే శిల్పికి ఇదొక లైసెన్స్ లాంటిది, ఏ తలకి ఏ ఒళ్ళు అతికించినా అడిగేవాడు లేడు.

మీ చెన్నై చుట్టుపక్కలే కావలసినన్ని ఉన్నాయి. మహాబలిపురం దారిలో సాళువాంకుప్పం దగ్గర టైగర్ కేవ్ అని బోర్డు ఉంటుంది, పిల్లలతో వెళ్ళి ఫోటోలు దిగుతారే, ఆ గుహ చుట్టూ నోళ్ళు తెరుచుకుని ఉన్నవి పులులు కావు, యాళి తలలే. కంచి కైలాసనాథాలయంలో, రాజసింహ పల్లవుడు కట్టించినది, స్తంభం స్తంభానికీ ముందు కాళ్ళెత్తిన సింహాలు. వేలూరు కోటలో జలకంఠేశ్వరుడి గుడి కల్యాణ మండపానికి వెళ్ళి ఒక పూట కూర్చో, నీ ఇంట్లోవాటి ముత్తాతలు అక్కడ ఉన్నాయి. మన వైపు అయితే తాడిపత్రి. తంజావూరు పెద్ద గుడి 1010లో పూర్తయింది కదా, దాని పీఠం చుట్టూ యాళుల వరస తిరుగుతుంది, కింద శాసనాలు చదివే హడావిడిలో ఎవరూ దాన్ని చూడరు.

ఆ వరస గురించి ఒక ముచ్చట. పాతకాలపు కర్ర కట్టడాల్లో అడ్డదూలాల కొసలు గోడ బయటికి వచ్చి వరసగా కనపడేవి కదా, ఆ కొసల మీద జంతువుల తలలు చెక్కేవారనీ, తర్వాత రాతిలో కట్టినప్పుడు దూలం అవసరం లేకపోయినా ఆ తలలు మాత్రం అలాగే ఉండిపోయాయనీ ఆలయ వాస్తు చదివినవాళ్ళు అంటారు. మహాబలిపురం రథాల్లో కూడా రాతిలో కర్ర పనితనం తెలిసిపోతుంది. అంటే యాళి ముందు వడ్రంగులదే, తర్వాతే రాతి శిల్పులకి వెళ్ళింది అనుకోవచ్చు. కానీ మన వానలకీ చెదలకీ అంత పాత కర్ర మిగల్లేదు, ఇప్పుడు మనకి కనపడే కర్ర యాళులు చాలావరకు గత రెండు మూడు వందల ఏళ్ళవే.

ఇక మీ అత్తగారికి చెప్పు: మనం వీధి గుమ్మాన్ని సింహద్వారం అంటాం కదమ్మా, మరి సింహం ఎక్కడా అని. ఇదిగో ఇదే. ఇది రాక్షసి కాదు, కాపలాకాసేది. బయటివాణ్ణి భయపెట్టాలి కాబట్టి దాని మొహం అలా ఉంటుంది, అందుకే బయటికి చూసేట్టు పెట్టాలి. ఇంట్లోవాళ్ళని గుడ్లురిమి చూస్తా ఉండేట్టు సోఫా ఎదురుగా పెడితే మీ అత్తగారేంటి నేనైనా కూర్చోను.

విజయ్_వేట్రి_తెలుగు · సోమవారం ఉదయం 7:05

అన్నా యాళి నిజంగా బతికున్న జంతువు అన్నా, డైనోసార్ టైంలో ఉండేది, గుళ్ళో చూసి చెక్కారు కాబట్టే అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. యూట్యూబ్‌లో ఫుల్ వీడియో ఉంది, ప్రభుత్వం దాస్తోంది.

ఉలి_బాడిస · సోమవారం ఉదయం 8:20

@విజయ్_వేట్రి_తెలుగు తమ్ముడూ, అన్నిచోట్లా ఒకేలా ఎక్కడుందయ్యా, మాస్టారు ఇప్పుడే 16 రకాలని చెప్పారు. నేను చెక్కిన రెండే ఒకదానికొకటి సరిపోవు.

కొళత్తూర్ అన్నా, నేను వడ్రంగం పనివాణ్ణి, మా తాతది శ్రీకాళహస్తి దగ్గర మాధవమాల, కర్ర విగ్రహాలు చెక్కే ఊరు, విని ఉంటారు. నేను ఇప్పుడు అంబత్తూర్‌లో మాడ్యులర్ కిచెన్లు బిగిస్తా ఉండా, అది వేరే సంగతి, పొట్ట కదా. కానీ మీ ఫోటో చూసి పొద్దున టిఫిన్ కూడా మర్చిపోయినా.

ముందు ఇవి బొమ్మలు కావు. మోత కర్రలు. దూలం బరువుని స్తంభం మీదికి దించడానికి ఏటవాలుగా పెట్టే కర్రకి యాళి వేషం వేశారు, అంతే. పైనా కిందా కుసులు ఉండాలి, అంటే దూలంలో ఒకటి, స్తంభంలో ఒకటి దూరేట్టు నాలుగు పలకల నాలికలు. అవి రంపంతో కోసేసి ఉన్నాయా, ఊడదీసి తెచ్చారా చూడండి. కోసేసి ఉంటే మనసుకి కష్టంగా ఉంటాది గానీ చేసేదేం లేదు.

తొండం ఎందుకు విరిగిందో చెప్తా, మీ పాపం కొంతే. కర్రకి నార ఉంటాది కదా, ఇట్లాంటి కర్రలో నార నిలువుగా పోతాది, బరువు మోయాలంటే అట్లే ఉండాలి. తొండం ముందుకి వచ్చి చుట్టుకునేచోట నార అడ్డంగా తెగిపోతాది, అక్కడ బలం ఉండదు, బిస్కెట్ మాదిరి విరుగుతాది. అందుకే తెలిసిన పనివాడు తొండాన్ని గాల్లో వదలడు, కొసని తీసుకెళ్ళి రొమ్ముకో ముందు కాలికో తగిలించి ఉంచుతాడు, మధ్యలో సందు మాత్రం తొలుస్తాడు. మీ ఏనుగుదాని ఫోటో పెద్దది చేసి చూడండి, తొండం కొస మోకాలికి ఆని ఉంది. మొసలిదానికి కూడా అట్లే ఉండి ఉంటాది, మోకాలి మీద చిన్న మచ్చలాగా, చెక్కి తీసినట్టు గరుకుగా తగిలితే అదే గుర్తు. చేత్తో తడిమి చూడండి, కంటికి కనపడదు.

ఒళ్ళు మొత్తం చెక్కడం కంటే కష్టమైంది గుడ్లు. గుడ్డు బయటికి రావాలంటే చుట్టూ ఉన్నదంతా లోపలికి పోవాలి, అంటే మొహం మొత్తం గుడ్డు కోసమే దించుకుంటా రావాలి. మా తాత కళ్ళు మొదట గీసుకుని చివర్లో తెరిచేవాడు.

ఏ కర్ర అని ఫోటోలో చెప్పలేం. మన పల్లెల్లో ఇళ్ళకి టేకు, వేప, ఇప్ప అన్నీ వాడారు. దేవుడి రథాలకి ఇప్ప బాగా వాడతారు, ఎండకీ వానకీ తట్టుకుంటాదని. రథం కింద భాగంలో చుట్టూ చూడండి, మూలల్లో ముందుకి దూకే యాళులుంటాయి, పైనున్న గుడ్డల అలంకారం చూసి అందరూ దండం పెడతారు గానీ పనంతా కిందే ఉంటాది. తిరువారూరు తేరు పండక్కి వెళ్ళి నేను తేరు లాగలేదు, రెండు గంటలు చక్రం పక్కన నిలబడి చెక్కడం చూసినా, పోలీసాయన నెట్టేదాకా.

క్లీనింగ్ సంగతి. సోడాలో ముంచితే కర్ర నార ఉబ్బి పైకి లేస్తాది, జూలులో ఉన్న సన్న గీతలన్నీ పోతాయి, అతుకులు ఏమైనా ఉంటే ఊడతాయి, తర్వాత ఎంత కడిగినా ఆ ఉప్పు లోపల ఉండి తెల్లగా పూస్తా ఉంటాది. వద్దు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, సన్న పుల్లకి దూది చుట్టి కొద్దిగా తడి చేసి మూలల్లో తుడవండి, వెంటనే పొడి గుడ్డ. ఎనామిల్ పెయింట్ తీయాల్సిందే అంటే తొందర లేదు, ఓపిగ్గా ఉలితో కాదు, వెదురు పుల్లతో గీకాలి, పెచ్చులు వాటంతటవి ఊడేచోటే. తర్వాత అవిసె నూనె పల్చగా ఒక చేయి. వార్నిష్ మెరుపు కొట్టించారో, షోరూంలో కొన్న బొమ్మ అయిపోతాది. పుచ్చు పట్టిందేమో చూడండి, కింద తెల్లకాగితం పరిచి రెండ్రోజులు ఉంచితే సన్న పిండి రాలుతాది, రాలితే పురుగు బతికున్నట్టే, అప్పుడు మందు కావాలి.

ఇంకొక్కటి, వెనక వైపు చూశారా? గోడ వైపు ఉండే బోడి పక్క. అక్కడ ఏమైనా గీతలు, అంకెలు ఉన్నాయేమో చూసి చెప్పండి.

పెరంబూరు_పద్మ · సోమవారం మధ్యాహ్నం 1:15

మాస్టారు గారూ ఉలి బాబూ చాలా బాగా చెప్పారు. నాకు శిల్పం సంగతి తెలీదు కానీ సింహతలాటం అనే మాట గుర్తొచ్చింది. మా అమ్మమ్మకి సింహతలాటపు కడియాలు ఉండేవి, కొసల్లో రెండు సింహం మొహాలు ఎదురెదురుగా, మురుగుల కంటే బరువు. ఆ మాటకి అర్థం ఇప్పటిదాకా ఆలోచించలేదు. సింహం నుదురు, సింహలలాటం అని ఉండి నలిగి నలిగి అలా అయిందేమో అని నా ఊహ, మాస్టారు సరిదిద్దాలి.

వీణ కూడా అంతే కదా! మా అమ్మాయి నేర్చుకునే వీణకి మెడ కొసన కిందికి వంగి ఉండే తల ఉంటుంది, అది యాళి అని టీచర్ చెప్పారు. తంజావూరు వీణకీ ఉంటుంది, మన బొబ్బిలి వీణకీ ఉంటుంది. బొబ్బిలిది పనస కర్రలో ఒకే మాను తొలిచి చేస్తారట. కాబట్టి కొళత్తూర్ బాబూ మీ అత్తగారిని అడగండి, సరస్వతీదేవి చేతిలో ఉన్నప్పుడు లేని దోషం మీ ఇంట్లో ఎందుకొస్తుందని.

అన్నట్టు రాక్షసి మొహం అంటే గుర్తొచ్చింది, దేవుడి వెనక మకరతోరణం పైన మధ్యలో ఉంటుందే ఒక మొహం, కింది దవడ లేకుండా, దానికి మాత్రం కథ ఉంది. మా మామగారు చెప్పేవారు. జలంధరుడనే రాక్షసరాజు పార్వతిని తనకిచ్చేయమని రాహువుని శివుడి దగ్గరికి దూతగా పంపాడట. ఎంత తలపొగరు! శివుడికి కోపం వచ్చి కనుబొమల మధ్యనుంచి ఒక భూతం పుట్టింది, సింహం మొహం, ఆకలి ఆకలి అంటూ రాహువు మీద పడింది. రాహువు శరణన్నాడు, దూత కాబట్టి శివుడు వదిలేయమన్నాడు. మరి నా ఆకలి సంగతేంటి స్వామీ అంది అది. నీ ఒళ్ళు నువ్వే తిను అన్నాడు. అది కాళ్ళతో మొదలుపెట్టి తింటూ తింటూ పైకి వచ్చి ఆఖరికి మొహం ఒక్కటే మిగిలింది. చెప్పినమాట విన్నందుకు మెచ్చి దానికి కీర్తిముఖం అని పేరు పెట్టి నా వాకిట్లో నువ్వే ఉండు, నిన్ను దాటకుండా నన్ను ఎవరూ చూడకూడదు అన్నాడట. నాకైతే ఆ కథ విన్నప్పుడల్లా దానిమీద జాలే వేస్తుంది, పాపం ఆకలితో పుట్టింది కదా.

యాళికి కూడా ఇలాంటి కథ ఏమైనా ఉందా మాస్టారూ?

డ్రాయింగ్_మాస్టారు_ఆవడి · సోమవారం సాయంత్రం 4:50

పద్మగారూ, సింహలలాటం ఊహ నాకూ నచ్చింది. కీర్తిముఖానికి సింహముఖం అనే పేరూ ఉంది కాబట్టి దారి సరైనదే అనిపిస్తోంది.

యాళికి కీర్తిముఖంలా అందరూ చెప్పుకునే కథ లేదండీ. అదే దాని అందం. సింహమూ పక్షీ కలిసినట్టుండే శరభానికి ఉంది, నరసింహుడి ఉగ్రం తగ్గించడానికి శివుడు ఎత్తిన రూపం అని శైవులు చెప్తారు, కుంభకోణం పక్కన దారాసురంలో ఆ శిల్పం చూడొచ్చు. దానికి జవాబుగా నరసింహుడు గండభేరుండమై శరభాన్ని పట్టాడని వైష్ణవులు చెప్తారు. రెండు వైపులా ఎవరి జంతువు వాళ్ళు తెచ్చుకున్నారు. యాళి ఈ గొడవలో లేదు, శివాలయంలోనూ ఉంటుంది, పెరుమాళ్ గుడిలోనూ ఉంటుంది. కంచి వరదరాజస్వామి బ్రహ్మోత్సవాల్లో యాళి వాహనం కూడా ఉంది.

బెంగళూరు_బాబాయ్ · సోమవారం రాత్రి 9:10

ఎవరో గండభేరుండం అన్నారు, నేను దిగాల్సిందే. ఇక్కడ మేం రోజూ దాని పక్కనే తిరుగుతాం, కేఎస్ఆర్టీసీ బస్సు మీద ఉన్న రెండు తలల పక్షి అదే. మైసూరు ఒడయార్ల గుర్తు, కర్ణాటక ప్రభుత్వ ముద్రలో మధ్యలో అదే, ఇక ఆ ముద్రకి రెండు పక్కలా నిలబడ్డవి చూశారా, సింహం ఒళ్ళు ఏనుగు తల, గజకేసరి అంటారు, అంటే కొళత్తూర్ బాబు బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన ఉన్నవాళ్ళ చుట్టాలే ఇక్కడ ప్రతి సర్కారు కాగితం మీదా డ్యూటీ చేస్తున్నారు. విజయనగరం అచ్యుతరాయల నాణెం మీద గండభేరుండం ఏనుగుల్ని ముక్కులతో కాళ్ళతో పట్టుకుని ఎగురుతూ ఉంటుంది, చిటికెన వేలి గోరంత నాణెం మీద అంత పని ఎలా చేశారో.

ఇంకో మాట, నేపాల్ వెళ్ళినప్పుడు చూశా, అక్కడి పగోడా గుళ్ళకి చూరు కింద ఏటవాలు కర్రలు ఉంటాయి, అచ్చం ఉలి తమ్ముడు చెప్పిన మోత కర్రలే, మీద దేవతలు చెక్కి ఉంటారు. మూలల్లో మాత్రం దేవతలు ఉండరు, కొమ్ములూ రెక్కలూ ఉన్న జంతువు ముందు కాళ్ళెత్తి నిలబడి ఉంటుంది. ఖాట్మండు పక్కన చాంగు నారాయణ్ గుడిలో చూసి నేను మా ఆవిడతో యాళి ఇక్కడిదాకా వచ్చిందే అన్నాను, ఆవిడ చలికి ముందు టీ తాగుదాం పదండి అంది.

హైకోర్ట్_ఎదురు_టీకొట్టు · మంగళవారం ఉదయం 9:40

కథలన్నీ బాగున్నాయి, ఒక పొడి విషయం చెప్పి పోతా. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్ళు దాటిన చెక్కడం పురావస్తువు కింద వస్తుంది. మీ ఇంటివి మీరు ఉంచుకోవడానికి అడ్డం లేదు కానీ విదేశాలకి పంపడం కుదరదు, రేపు అమెరికాలో ఉన్న బావమరిది ముచ్చటపడినా సరే. అమ్మే వ్యాపారికి లైసెన్స్ ఉండాలి. తమిళనాడులో విగ్రహాల దొంగతనాలకి పోలీసుల్లో విడిగా ఒక విభాగమే ఉంది, కాబట్టి ఎదురు ఫ్లాట్ ఆంటీ అడిగిన ప్రశ్న రేపు ఇంకెవరైనా అడగొచ్చు. పాత ఇంటి ఫోటోల్లో ఈ కర్రలు కనపడేవి ఏమైనా ఉంటే, పెళ్ళి ఫోటోలైనా సరే, వెతికి పంపకాల కాగితంతో కలిపి దాచుకోండి. రిజిస్ట్రేషన్ చేయించాలా అనేది ఇక్కడి పురావస్తు శాఖ ఆఫీసులో ఒకసారి అడిగి తెలుసుకోండి.

కొళత్తూర్_కుర్రోడు · బుధవారం రాత్రి 11:15

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్నా ఇవాళా ఆఫీసులో పని తక్కువ చేసి ఇదే చదివా.

వరసగా చెప్తా. కుసులు ఉన్నాయి, కోయలేదు, ఊడదీశారు, పైది నాలుగంగుళాలు ఉంది. మొసలిదాని మోకాలి మీద ఉలి అన్న చెప్పినట్టే గరుకు మచ్చ ఉంది, నేను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా కనపడనిది వేలు పెట్టగానే తగిలింది. తెల్లకాగితం మీద ఏమీ రాలలేదు. పాలిష్ అతనికి వద్దని చెప్పేశా. మా అమ్మ నాన్నల పెళ్ళి ఫోటోలో వసారా కనపడుతోంది, అమ్మ తల వెనకాల యాళి కోరలు, అమ్మకి కోరలు ఉన్నట్టుంది ఆ ఫోటో, ఇంట్లో ఎవరూ ఇన్నాళ్ళూ గమనించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వెనక వైపు మసి తుడిస్తే అంకెలు బయటపడ్డాయి. తెలుగు అంకెలు. ఏనుగుదాని మీద ౩, మొసలిదాని మీద ౬. నాకు తెలుగు అంకెలు రావు, క్యాలెండర్ యాప్ తెరిచి పోల్చుకున్నా. ఫోటోలు పెట్టాను చూడండి. అంటే ఇవి మొత్తం ఎన్ని అన్నా?

ఉలి_బాడిస · గురువారం ఉదయం 6:50

నేను అడిగింది ఇందుకే! కింద కూర్చుని అన్నీ చెక్కేసి, కుసులు సరిచూసుకుని, ఊడదీసి, అప్పుడు పైకెత్తి బిగిస్తారు. ఏది ఏ స్తంభానికో కలిసిపోకుండా వెనక అంకె వేస్తారు. మేం ఇప్పుడు కిచెన్ డబ్బాల వెనక పెన్సిల్‌తో రాస్తాం, అదే పని.

౬ ఉందంటే తక్కువలో తక్కువ ఆరు. వసారాకి ఎన్ని స్తంభాలో పెద్దవాళ్ళని అడగండి. నా లెక్కలో ౧-౨ ఒక జత, ౩-౪ ఒక జత, ౫-౬ ఒక జత. ఒక జతకి కాళ్ళ కింద ఏనుగు, ఇంకో జతకి మకరం. అందుకే మీవి రెండూ కలవలేదు, అరంగుళం తేడా కూడా అదే. పనివాడు తప్పు చేయలేదన్నా, మీ వాళ్ళు పంచుకోవడంలో రెండు జతలు విడదీసేశారు. ఎడమవాటిలో ఒకటి, కుడివాటిలో ఒకటి మీకు వచ్చుంటాది, మొహాలు చూడండి, ఒకటి కాస్త అటు, ఒకటి కాస్త ఇటు తిరిగి ఉంటాయి.

పెట్టడం గురించి మాస్టారు చెప్పింది కరెక్ట్, బయటికి చూడాలి. ఫ్లాట్‌లో దూలం లేదు కాబట్టి నేనైతే తలుపు పక్కన గోడకి రెండు వైపులా బిగించి, పైన టేకు పలక ఒకటి ఆనిస్తా, వీధి చెప్పుల స్టాండ్ పైన షెల్ఫ్ అనుకోండి. దాని నెత్తిన కాస్త బరువు ఉండాలి, అది చెక్కింది అందుకే. కుసి కోయకండి, పలకకే తొర్ర తొలవొచ్చు.

పెరంబూరు_పద్మ · గురువారం ఉదయం 10:05

చెప్పుల స్టాండ్ మీద వద్దు బాబూ, ఇంకెక్కడైనా పెట్టండి. దిష్టికి గుమ్మడికాయ కట్టేచోట అయితే సరిపోతుంది.

కొళత్తూర్_కుర్రోడు · శనివారం రాత్రి 9:30

అప్‌డేట్. పెద్ద పెదనాన్నకి ఫోన్ చేశా. వాటాల గొడవ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు, నేనూ భయపడుతూనే చేశా. యాళులు అనగానే "సింగాలా?" అని గంట మాట్లాడారు. స్తంభాలు మూడు, మొత్తం ఆరేనట, ఒక్కో స్తంభానికి అటూ ఇటూ రెండు. ౧, ౨ చెదలు తినేసి ఆయన చిన్నప్పుడే పోయాయి, వాటి స్థానంలో మామూలు కర్రలు పెట్టారు. ౪ రెండో పెదనాన్న తీసుకెళ్ళి నెల్లూరులో టీవీ యూనిట్ పైన పెట్టారు. ఎనామిల్ పెయింట్ వేయించింది పెద్ద పెదనాన్నే, మా మేనత్త పెళ్ళికి, తలుపులకి వేయగా మిగిలిన డబ్బా అట.

ఇక ౫ ఎక్కడుందో తెలుసా, ఊళ్ళోనే పెదనాన్న గొడ్లపాకలో. రాట మీద బోల్టులతో బిగించి పలుపుతాళ్ళు తగిలించుకుంటున్నారు. ఊళ్ళో ఉన్న మా అన్న ఫోటో పంపాడు, కింద పెట్టాను. దాని కింద మకరం ఉంది, తొండం చెక్కుచెదరలేదు, కొస మోకాలికి ఆని ఉంది. ఇచ్చేస్తావా అని అడగలేదు, గేదెలకి కాపలా ఉంది కదా ఉండనీ అనిపించింది.

మా అత్తగారు నిన్న దుప్పటి తీసి చూశారు. వీణ మాట పనిచేసింది అనుకుంటా. తొండం విరిగింది మాత్రం బాగు చేయించాకే హాల్లోకి తేవాలట, విరిగినది ఇంట్లో ఉండకూడదట.

ఉలి_బాడిస · శనివారం రాత్రి 9:52

మీ అన్నకి చెప్పి ౫ తొండాన్ని ఎదురుగా ఒకటి, పక్కల నుంచి రెండు ఫోటోలు తీయించండి, పక్కన టేపు పెట్టి. కొస నుంచి మోకాలి దాకా కొలత, మొదలు దగ్గర లావు, ఈ రెండు చాలు. అది ఎడమది, మీది కుడిది, కాబట్టి నేను కాగితం మీద తిరగేసి గీసుకుంటా. మీ విరిగిన చోటు నున్నగా కోయనీయకండి, అట్లే గరుకుగా ఉంటేనే అతుకు పడతాది. పాత కర్ర ముక్క దొరకాలి, మా యజమాని గోడౌన్‌లో పాత గుమ్మాల టేకు ఉంది. వచ్చే ఆదివారం సెలవు, కొళత్తూర్‌లో ఎక్కడ, రెట్టేరి దగ్గరా?